జాలీ లేని చక్రం

సైకిలు అని నా కొడుకు చూపించిన ఆ వస్తువుకు మడ్‌గార్డులు లేవు, క్యారియర్ లేదు, చైను మీద కవరు లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు. స్టాండు కూడా లేదు గనుక గోడకు ఆనించి పెట్టారు. మంచినీళ్ల బిందె మూత మీద కూడా ఎర్రదుమ్ము పేరుకునే ఈ బళ్ళారిలో, రెండు చినుకులు పడితే రోడ్ల మీద ఎర్రటి బురద పారే ఈ ఊళ్లో, మడ్‌గార్డులు లేని సైకిలెక్కి మా ప్రదీపు రోజూ ఆఫీసుకు పోతాడట. డాక్టరు బరువు తగ్గమన్నాడు. పోయే దారిలో ఆరేళ్ల కూతురు శ్రేయను బడి దగ్గర దింపుతాడట. "యాడ కూర్చోబెడతావురా పాపను?" అని అడిగితే, దానికి విడిగా సీటు వస్తుందమ్మా, తగిలించుకోవచ్చు అన్నాడు. దేనికి తగిలిస్తావురా అంటే ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాడు. అద్దాల షోరూము, లోపల చల్లగాలి, సెంటు వాసన, ఎక్కడా చుక్క నూనె లేదు. నూనె వాసన లేని సైకిలు షాపు నేనెప్పుడూ చూడలేదు.

నల్ల టీషర్టు వేసుకున్న అమ్మకాల కుర్రవాడు మమ్మల్ని ఒక గోడ దగ్గరికి తీసుకుపోయాడు. గోడ నిండా కొక్కేలకు వేలాడుతున్న సామాన్లు. ఫోను పెట్టుకునే పట్టీ, నీళ్ల సీసా పెట్టుకునే పట్టీ, పాట వినిపించే హారను, వేళ్లు బయటికి కనిపించే చేతితొడుగులు, చక్రం తిరిగితే రంగులు మారే దీపాలు. వాటన్నింటినీ మా ప్రదీపు పెళ్లిసామాన్లు చూసినట్టు చూస్తున్నాడు. నేను క్యారియర్ అడిగాను. "ఈ మాడల్‌కి క్యారియర్ బరల్ల మేడం, రాదు" అన్నాడా కుర్రవాడు. మడ్‌గార్డు అడిగాను. "మడ్‌గార్డు వేస్తే లుక్కే పోతుంది కదా మేడం" అన్నాడు. వెనక చక్రానికి చీర గార్డు ఉందా అని అడిగేసరికి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఫోనేమో ముఖం ముందు ఉండాలి, బిడ్డ మాత్రం వీపు వెనక ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, నోరు అదుపులో పెట్టుకోవడం నాకు రాదు. ఆ గోడ మీద ఉన్న చెత్తలో ఒక్కటైనా బిడ్డ కాలిని కాపాడుతుందేమో చూపించమని గట్టిగానే అడిగాను. షోరూములో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న మా తమ్ముడు జయరాజు, "వద్దులేక్కా, కౌల్ బజారుకి పోదాం పా. ఖాజా సాబ్ సైకిలు అంగడి ఇంకా ఉండాది" అన్నాడు. కంటి డాక్టరుకు చూపించుకోవడానికి ఆ పొద్దున్నే కంప్లి నుంచి బస్సులో వచ్చాడు. వాడు షాపులో మాతోపాటు తిరగలేదు. ఎక్కువసేపు నిలబడితే ఎడమ మడమ లాగుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ కాలు ఈడ్చే నడుస్తాడు. చీర గార్డు అనే మాట నా నోట్లో నుంచి వచ్చినప్పుడు వాడు నా వైపు చూడలేదు, నేనూ వాడి వైపు చూడలేదు.

మా నాయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. మా రెండు గదుల ఇల్లు కౌల్ బజారు అవతల ఉండేది. ఆయన ఇంటికి వస్తే టింక్చరు వాసన, ఫినాయిలు వాసన ఆయనకంటే ముందు గడప దాటేవి. ఆ వాసనలకు మూడోది తోడయ్యేది శనివారం మధ్యాహ్నం. కొబ్బరినూనె. సైకిలు చైనుకు అందరూ వాడే నూనె వాడితే గుడిలో కంపు కొడుతుందని, ఆదివారం కోసం ఆయన తలకు రాసుకునే కొబ్బరినూనే చైనుకూ రాసేవాడు. మేము చర్చిని గుడి అనే అంటాం. నడవలో గోనెసంచి పరిచి, సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చినిగిన బనియను ముక్కతో చక్రంలో ఒక్కొక్క పుల్లా తుడిచేవాడు. ఆ తుడిచిన గుడ్డను అక్కడే గూట్లో పెట్టేవాడు, మా పళ్లపొడి డబ్బా పక్కన. ఆ రోజులు బంగారమని ఇప్పుడు ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఆ గుడ్డ గుర్తొస్తుంది. ఇంటిల్లిపాదీ ఆ నల్లటి జిడ్డు పక్కనే పళ్లు తోముకునేవాళ్లం.

అయినా ఒక మాట చెప్పాలి. ఆ సైకిలుకు పనికిరాని వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. ఏదైనా తగిలించే ముందు నాయన నెలల తరబడి ఆలోచించేవాడు, ఇంకొకరి సైకిలుకు ఉన్నదాన్ని ఊపి చూసేవాడు, గట్టిగా లాగి చూసేవాడు. వెనక మందుల పెట్టె పట్టేంత వెడల్పు క్యారియర్. బరువు పెట్టినా ఒరగని జంట స్టాండు. పంచె అంచు నలగకుండా చైనుకు నిండు కవరు. చక్రం ఇరుసు చుట్టూ తోలు పట్టీ, తిరిగినప్పుడల్లా దుమ్ము దానంతటదే తుడుచుకుపోయేది. ముందర రాడ్డుకు తువ్వాలు చుట్టి కట్టేవాడు, అక్కడ పిల్లలు కూర్చుంటారని. వెనక చక్రానికి ఎడమ పక్క చీర గార్డు. సన్న కమ్మీలు అల్లిన ఇనుప జల్లెడ లాంటిది. మా ఇంట్లో దాన్ని జాలీ అనేవాళ్లం. ఆడవాళ్లు ఒక పక్కకు కూర్చుంటే చీర చక్రంలో పడకుండా ఉండటానికి అని అందరూ చెప్పేవారు. నాయన కూడా అంతే అనుకున్నాడు. అంత ఆలోచించే మనిషి ఆ ఒక్కటి తప్పుగా అనుకున్నాడు.

నెలలో మొదటి ఆదివారం ప్రభుబల్ల, గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. ఆ రోజు మా గుడిలో ఆడవాళ్లంతా తెల్లచీరలే కట్టుకురావాలి. ఎవరు పెట్టిన నియమమో తెలియదు గానీ, దాన్ని తప్పినవాళ్లను చూసే చూపులు మాత్రం నాకు బాగా తెలుసు. అమ్మకు ప్రభుబల్లకు తగిన తెల్లచీర ఒక్కటే ఉండేది. దాన్ని నీలిమందులో ముంచి, గంజి పెట్టి, నిప్పుల చెంబుతో ఇస్త్రీ చేసి, శనివారం రాత్రి పరుపు కింద పెట్టేది. అమ్మ పాటల బృందంలో ఉండేది గనుక ముందే పోవాలి. అందుకని నాయన రెండు ట్రిప్పులు వేసేవాడు. మొదటి ట్రిప్పులో అమ్మను దింపి వచ్చి, రెండో ట్రిప్పులో నన్నూ జయరాజునూ తీసుకుపోయేవాడు. అప్పుడు నాకు పదేళ్లు, వాడికి ఆరు. ఊరి దుమ్ము, వానల తేమ కలిసి జాలీ తుప్పు పట్టింది. అమ్మ దిగి గుడిలోకి నడిస్తే తెల్లచీర మీద పిక్కల దగ్గర తుప్పు గీతలు అడ్డంగా నిలువుగా కనిపించేవి. సండే స్కూల్లో నా పక్కన కూర్చునే ప్రేమలత ఒకరోజు అందరూ వినేటట్టు అంది: "మీయమ్మ చీర చూడే, జల్లెడ అచ్చేసినట్టుండాది." పిల్లలంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. అమ్మను చూసి వాళ్లతో కలిసి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం మీద నాకే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

తర్వాతి నెల మొదటి ఆదివారానికి ముందు రోజు. నాయన నడవలో సైకిలు తుడుస్తున్నాడు, అమ్మ దొడ్లో బట్టలు ఉతుకుతోంది. నేను నాయన పక్కన గొంతుక్కూర్చుని, "నాయనా, అమ్మ జాలీ తీసేయమనింది. చీరకు తుప్పు అంటుతాండాదంట" అన్నాను.

"మీయమ్మే చెప్పిందా?"

"ఊఁ."

"చీర కట్టుకునే మనిషే వద్దంటే నాకేంది" అని నాయన పానా తీసి రెండు మరలు విప్పాడు. జాలీని కట్టెల వెనక పడేశాడు. సాయంత్రం అమ్మ చూసి, జాలీ ఏమైందని నన్ను అడిగింది. రంగు వేయిస్తానని నాయన తీసినాడు అని చెప్పాను. ఆమెతో ఆయన మాట, ఆయనతో ఆమె మాట సరిచూసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ ఇద్దరూ సంసారం నడిపింది పిల్లల చేత కబురు పంపించుకునే. వంటయిందని చెప్పు, మీ నాయనను నీళ్లు పోసుకోమను, మీ అమ్మను చిల్లర తెమ్మను. నా అబద్ధానికి కావలసిన దారి వాళ్లే ఏళ్ల తరబడి వేసి పెట్టారు.

మరుసటి రోజు అమ్మ చీర కుచ్చిళ్లు గట్టిగా దోపుకుని క్యారియర్ ఎక్కి, మచ్చ లేకుండా గుడికి చేరింది. నాయన మా కోసం తిరిగొచ్చాడు. ఎప్పుడూ రాడ్డు మీద కూర్చునేది జయరాజు. ఆ రోజు నేను కొత్త ఫ్రాకు వేసుకున్నానని, వెనక కూర్చుంటే నలుగుతుందని, తువ్వాలు చుట్టిన రాడ్డు నాకే కావాలని ఏడ్చాను. వాడు వెనక్కు పోయాడు. నాయన నడుము పట్టుకుని అటొక కాలు, ఇటొక కాలు వేసుకుని కూర్చున్నాడు. చీర లేని ట్రిప్పు గనుక జాలీ సంగతి ఎవరికీ తోచలేదు. గుడి గేటు దాకా వచ్చాం. లోపల మొదటి పాట మొదలైంది. అక్కడున్న గుంతలో చక్రం దిగి లేచింది. వెనక ఏదో పటుక్కుమని సైకిలు ఆగిపోయింది. జయరాజు అరవడానికి కూడా ఒక క్షణం పట్టింది. మడమ పుల్లల మధ్యకు పోయి, చక్రానికీ సైకిలు ఫ్రేముకూ మధ్య నలిగింది. నాయన నన్ను రాడ్డు మీద నుంచి దింపి, సైకిలును గేటుకు ఆనించాడు. పుల్లలు చేత్తో వంచి కాలు బయటికి తీశాడు. అమ్మ పాట మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. వాడిని ఒళ్లో వేసుకుని, గంజి పెట్టిన ఆ తెల్ల కొంగుతోనే కాలు చుట్టింది. నెత్తురు పిక్కల దాకా, ఒడి దాకా పాకింది. అప్పుడు నాకు మొట్టమొదట తోచిన మాట రాస్తున్నాను, దాచి లాభం లేదు. అయ్యో, చీర పాడైపోయిందే అనుకున్నాను.

మడమ వెనక నరం తెగింది. నాయనే రోజూ కట్టు కట్టాడు. ఇంట్లో టింక్చరు వాసన, చీము వాసన నెలల పాటు కలిసి ఉన్నాయి. తెల్లచీరను అమ్మ చించి కట్టుగుడ్డలు చేసింది. ఎలా జరిగిందని ఎవరడిగినా నాయన ఒకటే చెప్పేవాడు, "పిల్లోడు కాలు ఊపినాడు." అమ్మ పక్కనే ఉండి ఏమీ అనేది కాదు. ఆయన లోపల ఆమెను తప్పు పడుతున్నాడు, ఆమె లోపల ఆయనను తప్పు పడుతోంది. ఒక్కసారి గొంతెత్తి పోట్లాడుకుని ఉంటే నా గుట్టు అప్పుడే బయటపడేది. ఒక నెల రోజులు నేను అన్నం సరిగా తినలేదు. తర్వాత వాళ్లు మాట్లాడుకోరని నాకు నమ్మకం కుదిరింది. మళ్లీ కడుపునిండా తిన్నాను. నాయన జాలీని తిరిగి బిగించి, పింఛను తీసుకునేదాకా ప్రతి శనివారం చింతపండు పెట్టి తోమాడు. ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేది. అమ్మ మాత్రం మళ్లీ ఎన్నడూ ఆ క్యారియర్ ఎక్కలేదు. జయరాజు చేయి పట్టుకుని, వాడి కాలు ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా, గుడికి నడిచే పోయేది.

నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. ఆమెకు కంప్లికి పోవాలని ఉండేది, జయరాజు దగ్గర, నది దగ్గర. వాడు ఆ ఊళ్లోనే టీచరు పని చేసి అక్కడే స్థిరపడ్డాడు. ఆమె అడిగిన ప్రతిసారీ వాడు ఏదో ఒకటి చెప్పేవాడు. ఇల్లు చిన్నది, పిల్లల పరీక్షలు, మెట్లు ఎక్కలేదు. ఆ కోరిక తీరకుండానే ఆమె పోయింది. వాడిది రాతి గుండె అని నేను చుట్టాలందరికీ చెప్పాను. గుడిలో చెప్పాను. కాలు చుట్టడానికి తెల్లచీర చించిన తల్లిని నాలుగు రోజులు ఉంచుకోలేని కొడుకు అని వాడి మీద అసహ్యంతో పదేళ్లు సరిగా పలకరించలేదు. ఈ రెండు మూడేళ్ల నుంచే మళ్లీ రాకపోకలు.

శ్రేయ చేయి పట్టుకుని ఖాజా సాబ్ అంగడిలో అడుగు పెట్టగానే నూనె, రబ్బరు, తుప్పు కలిసిన పాత వాసన కొట్టింది. ఖాజా సాబ్ నాకంటే పెద్దవాడు. నేను అడగబోయే ముందే ఒక్కొక్కటీ నేల మీద పెట్టడం మొదలుపెట్టాడు. నల్లటి మామూలు సైకిలు, నిండు మడ్‌గార్డులు, జంట స్టాండు, చైను కవరు, రోడ్డు అవతలి దాకా వినిపించే బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, వెడల్పు క్యారియర్, దాని మీదికి వీపు ఆనేటట్టు పట్టీలున్న పిల్లల సీటు, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు. చివరికి అటక మీద నుంచి దుమ్ము దులుపుతూ జాలీలు రెండు తెచ్చాడు. "రెండు పక్కలా వెయ్యాలమ్మా, పాపకి రెండు కాళ్లు ఉంటాయి కదా" అన్నాడు. ఆయనకు తెలిసిన ఆ చిన్న సంగతి ఆ చల్లటి షోరూములో ఒక్కడికీ తెలియదు.

ప్రదీపు ముఖం ముడుచుకుని నిలబడ్డాడు. "ఈ జాలీ దేనికమ్మా? మన ఇంట్లో చీర కట్టుకుని సైకిలెక్కే వాళ్లెవరుండారు? పాప కడుతుందా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల జయరాజు నవ్వుతూ శ్రేయను దగ్గరికి పిలిచి, ఎడమ కాలి చెప్పు విప్పి, ముడతలు పడి గట్టిపడిన ఆ మడమ చూపించాడు. "చూడు పాపా, ఈ తాత నీ అంత ఉండేటప్పుడు సైకిలు మీద కాలు ఊపినాడు. అందుకే ఇట్లయింది. నువ్వు ఊపొద్దు, సరేనా?" పాప భయంగా తల ఊపి, తన రెండు కాళ్లూ దగ్గరికి లాక్కుంది.

అంతవరకూ ఆ పొద్దంతా నాకు ప్రపంచం మీద రోత. ఆ మాటతో అది నా మీదికి తిరిగింది. నా అబద్ధం మా నాయన నోట్లో నుంచి తమ్ముడి నోట్లోకి వచ్చి, ఇప్పుడు నా కళ్లముందే మనవరాలి చెవిలోకి పోతోంది. "నువ్వు కాలు ఊపలేదు జయరాజూ" అన్నాను. "జాలీ లేదు ఆ పొద్దు. నేను తీయించినా. అమ్మ చెప్పిందని నాయనతో అబద్ధం చెప్పినా. అమ్మ ఏమీ చెప్పలే. ఆమెకు తెలియనే తెలియదు."

ఖాజా సాబ్ చేతిలో పానా ఆగింది. జయరాజు వంగి మెల్లగా చెప్పు తొడుక్కున్నాడు. చాలాసేపు పట్టింది.

"అమ్మ చెప్పలేదా?" అన్నాడు.

"లేదప్పా."

"నేను కాలు ఊపలేదని నాకి తెలుసక్కా. నాయన పోతా పోతా చెప్పినాడు నాకి. మీయమ్మ మాట విని జాలీ తీస్తినిరా, చీర కోసరం నీ కాలు పోగొడితిమి, యారితోనూ అనద్దు, ఆమె తలెత్తుకోలేదు అని. అందుకే నేను ఈ పొద్దుకీ కాలు ఊపినాననే చెప్తాండా." పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. "నేను యారితోనూ అనలే. కానీ ఆమె కంప్లికి వస్తానన్నప్పుడల్లా ఆ చీర యాదికొచ్చేది నాకి. రావద్దంటిని. నాలుగు తూర్లు అడిగింది. నాలుగు తూర్లూ రావద్దంటిని."

వాడు కుర్చీలో నుంచి లేచి, ఖాజా సాబ్ చేతిలో పానా తీసుకుని, కాలు చాపి నేల మీద కూర్చున్నాడు. ఎడమ పక్క జాలీని చక్రానికి ఆనించాడు. పై మర బిగించడానికి ఇంకో చేయి కావాలి. జాలీ కిందికి జారుతోంది. నేను వంగి పట్టుకోబోయాను.

"వద్దక్కా" అన్నాడు నా వైపు చూడకుండా. "నువ్వు దాన్ని ముట్టుకోవద్దు."

ప్రదీపు వచ్చి పట్టుకున్నాడు. రెండు పక్కలా బిగించాక జయరాజు శ్రేయను సీట్లో కూర్చోబెట్టి, పట్టీలు వేసి, పాదాలు ఫుట్‌రెస్టుల మీద పెట్టించి, చక్రం గట్టిగా తిప్పి చూశాడు. తర్వాత ఇంటికి కూడా రాకుండా, కళ్ల డాక్టరు దగ్గరికీ పోకుండా, బస్టాండుకు ఆటో ఎక్కాడు. ఆ మధ్యాహ్నం వాడి కోసం వండిన అన్నం అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఫోను చేస్తే ఎత్తడం లేదు.

పాప రోజూ ఆ సైకిలు మీదే బడికి పోతోంది. ప్రదీపుకు బెల్లు మోగించడం కూడా అలవాటైంది. ఈ శనివారం మధ్యాహ్నం చూస్తే జాలీ కమ్మీల మధ్య ఎర్రదుమ్ము పేరుకుని, ఒక మూల తుప్పు మొదలైంది. గిన్నెలో చింతపండు నానబెట్టి, కొబ్బరిపీచు తీసుకుని నడవలోకి పోయాను. పీచును జాలీ దాకా తీసుకుపోయి, ముట్టించకుండానే వెనక్కు తీసుకున్నాను. తర్వాత కోడలిని పిలిచి, ఆ గిన్నె ఆమె చేతికిచ్చి, లోపలికి వచ్చేశాను.